నాటు అని బోర్డు పెడితే చాలదు, కాయను విత్తనానికి వదలాలి

నర్సరీకి వెళ్ళి "నాటు వంగ నారు ఉందా?" అని అడగండి. ఎక్కడైనా "ఉంది" అనే అంటారు. మనం డబ్బులిచ్చి, నారు సంచిలో పెట్టుకుని వచ్చేస్తాం. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగం: ఈ విత్తనం ఎక్కడిది?

దీనికి మూడు రకాల జవాబులుంటాయి. ఒకటి, విత్తనాల కొట్లో ప్యాకెట్ కొన్నాం. రెండు, మార్కెట్లో మంచి కాయ కనబడితే కోసి గింజ తీశాం. మూడు, మా పెరట్లోనే కాయను విత్తనానికి వదిలి తీసుకున్నాం. నాటు కూరగాయల విషయంలో నర్సరీ విలువంతా మూడో జవాబులోనే ఉంది. ఆ జవాబు చెప్పగలిగేది ఇంటిల్లిపాదీ కలిసి నడిపే చిన్న నర్సరీలే. కడియం, కడియపులంక చుట్టుపక్కల వందల నర్సరీలున్నా అక్కడి ప్రధాన వ్యాపారం పూలమొక్కలు, పండ్ల అంట్లు, అలంకరణ మొక్కలు. కూరగాయల నారు మీద మిగిలేది తక్కువ. అయినా దాన్ని పట్టుకుని పాత రకాలను బతికిస్తున్న కుటుంబాలంటే నాకు చాలా గౌరవం. ఆ గౌరవంతోనే కొన్ని మాటలు గట్టిగా చెప్పాలనిపిస్తోంది, నర్సరీవాళ్ళకీ, కొనేవాళ్ళకీ.

ముందు రెండో జవాబు సంగతి. మార్కెట్లో దొరికే టమాటా ఇప్పుడు చాలావరకు హైబ్రిడ్, అంటే రెండు వేరు రకాలను కలిపి తీసిన సంకరం. దాని గింజ నాటితే మొలుస్తుంది, కాస్తుంది కూడా. కానీ పది మొక్కలు పది రకాలుగా వస్తాయి. ఒకటి గుండ్రంగా, ఒకటి కోలగా కాస్తుంది. ఒకటి ఆకుముడతకి లొంగిపోతుంది, ఇంకొకటి పూత మాత్రమే పూస్తుంది. కొన్నవాళ్ళు "నాటు రకాలు ఇంతే, దిగుబడి ఉండదు" అనేసుకుంటారు. అది నాటు మొక్క తప్పు కాదు. హైబ్రిడ్ గింజను రెండో తరంలో వేస్తే తల్లిదండ్రుల గుణాలు విడిపోయి ఇలాగే వస్తాయి.

అలాగని ప్యాకెట్ విత్తనమంతా పనికిరానిదేం కాదు. ఇక్కడ ఒక తేడా తెలియాలి. పూసా రూబీ, అర్కా వికాస్ టమాటాలు నాటు రకాలు కావు, పరిశోధన కేంద్రాల్లో తయారైనవి. కానీ సూటి రకాలు. వాటి గింజ దాచుకుంటే మళ్ళీ అదే కాయ వస్తుంది. అర్కా వికాస్ ఇచ్చిన బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ నుంచే అర్కా రక్షక్ కూడా వచ్చింది, పేరు కూడా అర్కాయే, కానీ అది హైబ్రిడ్. దాని గింజ దాచి లాభం లేదు. వంగలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన భాగ్యమతి, శ్యామల, గులాబి సూటి రకాలే. నర్సరీవాళ్ళు "ఇది నాటు కాదమ్మా, గులాబి వంగ. కానీ విత్తనం కట్టుకోవచ్చు" అని నిజం చెబితే అందులో చిన్నతనమేమీ లేదు. అన్నిటికీ "నాటు" అని ఒకే అట్టముక్క గుచ్చడమే తప్పు.

ఇక అసలు పని. పెరట్లో కాయ వదిలేస్తే విత్తనం అయిపోతుందనుకుంటారు చాలామంది. టమాటా వరకు దాదాపు నిజమే, దాని పువ్వు తనలో తనే ఫలదీకరణ చెందుతుంది. రెండు రకాల మధ్య పాతిక నుంచి యాభై మీటర్లు ఉంటే సరిపోతుంది. వంగలో తేనెటీగల్లాంటివి కొంత పుప్పొడిని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి చేరుస్తాయి కాబట్టి వంద, రెండు వందల మీటర్లు కావాలి. మిరప, బెండలకు అంతకన్నా ఎక్కువ. తీగజాతికొస్తే అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దాకా చెబుతారు. ఇరవై సెంట్ల నర్సరీలో అంత దూరం ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి రెండే దార్లు. ఒక పంటకాలానికి ఒక జాతిలో ఒకే రకం వేయాలి, పక్కింటి పందిరి మీద ఏముందో కూడా చూసుకోవాలి. లేదా పువ్వు కట్టాలి.

పువ్వు కట్టడమంటే ఏమిటో సొర తీగ దగ్గర చూడాలి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా ఆ రోజు విచ్చబోయే మొగ్గ తెలిసిపోతుంది, తెల్ల రేకుల కొస బయటికి వచ్చి ఉంటుంది. ఆడ మొగ్గ కింద బొటనవేలంత నూగు పిందె ఉంటుంది. మగ మొగ్గకి ఉండేది ఉత్త కాడే. రెండిటి కొసలనూ దేనికది విడిగా, మెత్తటి నూలుదారంతో, నలగకుండా ముడేయాలి. పొద్దుగుంకాక ఆరున్నర, ఏడింటికి వచ్చి మగ పువ్వును తుంచి, రేకులు వలిచేసి, పుప్పొడి వేలికి అంటుతోందో లేదో చూడాలి. అప్పుడు ఆడ పువ్వు ముడి విప్పి, మధ్యలో పుప్పొడి అందుకునే మూడు తమ్మెల మీదా మెల్లగా రాయాలి. మగ పువ్వు అదే రకానిదై, వేరే తీగ నుంచి వస్తే మేలు. ఒక ఆడ పువ్వుకి రెండు మగ పువ్వులు వాడితే గింజ బాగా పడుతుంది. వెంటనే ఆడ పువ్వు రేకుల్ని మూసి మళ్ళీ దారం కట్టేయాలి, లేకపోతే రాత్రి రెక్కల పురుగులు ఎక్కడెక్కడి పుప్పొడో తెచ్చి పోస్తాయి. చివరగా కాడకి రంగు దారం వదులుగా కట్టాలి, ఈ కాయ కోయకూడదని గుర్తు. బిగించి కడితే కాయ లావెక్కాక దారం కాడను కోసేస్తుంది.

బీర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. కాకర, గుమ్మడి, దోస తెల్లవారుజామునే విచ్చుకుంటాయి కాబట్టి వాటి మొగ్గలకు ముందురోజు సాయంత్రమే ముడి వేయాలి. నేతిబీర కూడా పొద్దునే పూస్తుంది. అది బీరకి దగ్గరి చుట్టం, రెండూ కలుస్తాయి. కూర దోస, బుడమకాయ, కర్బూజ ఒకే జాతి, ఇట్టే కలిసిపోతాయి. కీరా మాత్రం వీటితో కలవదు. ఈ చుట్టరికాలు తెలియకుండా ఒకే పందిరి కింద అన్నీ వేసి గింజ తీస్తే, మూడేళ్ళలో పాత రకం పేరే మిగులుతుంది. కాయ మారిపోతుంది.

సొర విషయంలో ఇది రుచితో ఆగదు. చేదు సొరతో గానీ, అలంకారానికి పెంచే సొరబుర్రలతో గానీ పుప్పొడి కలిస్తే ఆ కాయ చూడ్డానికి, తినడానికి మామూలుగానే ఉంటుంది. దాని గింజ నుంచి వచ్చే తర్వాతి తరంలో చేదు బయటపడుతుంది. ఆ చేదు విషం. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. అందుకే విత్తనానికి వదిలే ప్రతి సొర తీగ నుంచీ ముందు ఒక లేత కాయ కోసి, చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయాలి. చేదనిపిస్తే ఆ తీగను పీకేయాలి. సొర విత్తనం అమ్మేవాళ్ళు ఈ పని చేయకపోతే నేనైతే క్షమించను.

ఏ కాయను వదలాలన్నది ఇంకో సంగతి. ఎక్కువచోట్ల అమ్మగా మిగిలిన గిడస కాయ, సీజన్ చివర్లో కాసిన వంకర కాయ విత్తనానికి పోతుంది. అలా చేస్తే ఏటేటా గిడస కాయనే ఎంచుకున్నట్టు. తీగ బలంగా ఉన్నప్పుడు, రెండో మూడో కాపులో, రకం లక్షణం నిండుగా ఉన్న కాయను వదలాలి. ఒక్క మొక్క నుంచి కాకుండా కనీసం అయిదారు మొక్కల నుంచి తీయాలి. ముడత, పల్లాకు (ఆకు పసుపు పచ్చ మచ్చలు పడే) తెగులు కనబడిన మొక్కల్ని పూతకి ముందే తీసిపారేయాలి.

వంకాయను పసుపు పచ్చగా, తోలు గట్టిపడేదాకా చెట్టునే ఉంచాలి. నర్సరీకి వచ్చినవాళ్ళు దాన్ని చూసి "ఇదేంటమ్మా, ముదిరిపోయింది, కోసేయకపోయారా?" అంటారు. "అది విత్తనాల కాయ తల్లీ, దాని మీద చెయ్యి వేయకండి" అని ఆ ఇంటి పెద్దావిడ అంటే, ఆ నర్సరీలో ధైర్యంగా నారు కొనొచ్చు. బీర, సొర తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. బెండ ఎండాక, నెర్రెలు విచ్చేలోపు కోయాలి. టమాటా గింజను గుజ్జుతో సహా గాజు సీసాలో ఒకటి రెండు రోజులు పులియబెట్టాలి. గింజ చుట్టూ ఉన్న జిగురు పోవాలి, అది ఉంటే మొలక సరిగా రాదు. ఎండాకాలంలో రెండు రోజులు దాటితే సీసాలోనే మొలకెత్తుతుంది, జాగ్రత్త. కడిగాక నీడలో, గాలి ఆడేచోట, గుడ్డ మీదో పళ్ళెంలోనో ఆరబెట్టాలి. మే నెల ఎండలో సిమెంటు గచ్చు మీద పోస్తే గింజలోని ప్రాణం పోతుంది. ఆరిందో లేదో తెలియాలంటే సొర గింజను విరవండి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు, ఫట్‌మని విరిగితే దాచొచ్చు. జల్లించిన పొడి బూడిదలో కలిపి, మూత బిగుతుగా ఉన్న సీసాలో పెడితే పురుగు పట్టదు. ఉల్లి గింజకు ఏడాదే ఆయుష్షు. మిరప, బెండ రెండేళ్ళు, వంగ, టమాటా నాలుగేళ్ళ దాకా ఆగుతాయి.

ఇప్పుడు కొనేవాళ్ళ సంగతి. "పూత ఉన్న మొక్క ఇవ్వండి" అని అడగడం దయచేసి మానండి. చిన్న కవర్లో పూతకొచ్చిన టమాటా మొక్క ముసలిది. వేరు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటుంది, తొట్టెలో పెట్టాక నెల రోజులు కదలదు. టమాటా నారుకి పాతిక నుంచి ముప్పై రోజులు, వంగకి ముప్పై అయిదు, మిరపకి అయిదారు వారాలు చాలు. జానెడు ఎత్తు, పెన్సిల్‌లో సగం లావు కాడ, ముదురు ఆకుపచ్చ ఆకు, ఇదే మంచి నారు. తీగజాతికి అసలు నారే వద్దు. గింజ సూటిగా నాటుకోవడమే మంచిది. తప్పదంటే కాగితం కప్పులో మొలకాకుల తర్వాత రెండు అసలైన ఆకులు వచ్చేసరికి, పన్నెండు పదిహేను రోజుల్లో, వేరు కదలకుండా కప్పుతో సహా దింపేయాలి.

పందిరి చిక్కుడు గురించి వేరుగా చెప్పాలి. పాత రకాలు పగలు చిన్నదైతేనే పూస్తాయి. ఆషాఢ, శ్రావణాల్లో పెడితే కార్తీకం నుంచి కాపు. ఫిబ్రవరిలో నాటితే వేసవంతా పందిరి నిండా ఆకే ఉంటుంది, పువ్వు ఉండదు. జనం విత్తనాన్ని తిట్టి తీగ నరికేస్తారు. ఫిబ్రవరిలో నాటు చిక్కుడు మొక్క అడిగినవాళ్ళకి "ఇప్పుడు వద్దు, ఆషాఢంలో రండి" అని చెప్పే నర్సరీ ఆ రోజు బేరం పోగొట్టుకుంటుంది. అలాంటి చోటికే మళ్ళీ వెళ్ళండి.

ఇక "ఆర్గానిక్" అనే మాట. నారుమడికి రసాయన మందు పోసి, అమ్మేముందు వేపనూనె కొట్టి ఆ బోర్డు పెట్టే చోట్లున్నాయి. నారుకుళ్ళు తెగులుకి మందు కన్నా ముందు కారణం చూడాలి. గింజ ఒత్తుగా చల్లడం, సాయంత్రం నీళ్ళు పోసి రాత్రంతా మడి తడిగా ఉంచడం, అసలు కారణాలు ఇవే. వేలెడు ఎడంతో వరసల్లో వేసి, పొద్దునే నీళ్ళు పోసి, మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి కలిపి వాడితే చాలావరకు రాదు. పచ్చి పేడ కుండీలో వేస్తే వేరుపురుగు పడుతుంది, మొక్క ఉన్నట్టుండి వాడిపోతుంది. కోకోపీట్‌ను (కొబ్బరి పీచు పొట్టును) రెండుసార్లు కడగకుండా వాడితే అందులోని ఉప్పుకి ఆకు అంచులు మాడతాయి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన ఎరువు ఒక పాలు, కడిగిన కోకోపీట్ ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి, ఇంతకన్నా పెద్ద రహస్యం ఏదీ లేదు. విత్తనశుద్ధికి బీజామృతం: ఇరవై లీటర్ల నీళ్ళకి అయిదు కిలోల పేడ, అయిదు లీటర్ల గోమూత్రం, యాభై గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి, ఈ కలిపిందంతా ఒక రాత్రి నానాలి. ఇంటివాడకానికి అందులో నలభయ్యో వంతు చేసుకుంటే సరిపోతుంది.

విత్తనం అమ్మితే చట్టం ఒప్పుకోదేమోనని కొందరు రైతులు జంకుతుంటారు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ చూడండి. రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే.

నారు కొన్నవాళ్ళూ ఒక పని చేయండి. నాలుగు వంగ మొక్కలు తీసుకుంటే, బాగా కాసిన దాని మీద ఒక కాయ వదిలేయండి. గింజ తీసి ఆరబెట్టి, సగం మీరుంచుకుని సగం అదే నర్సరీకి తీసుకెళ్ళి ఇవ్వండి. వాళ్ళ పెరట్లో ఒక ఏడాది వానకో తెగులుకో పంట పోతే, ఆ రకం మీ దగ్గర నుంచి మళ్ళీ దొరుకుతుంది. పొట్లం మీద రకం పేరు, మొదట ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ నెలలో తీశారు, ఎన్ని మొక్కల నుంచి తీశారు, దగ్గర్లో వేరే వంగ ఉందా, ఈ అయిదూ పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే తేమకి చెరిగిపోతుంది.