మహారాజశ్రీ అల్లదీ గారికి ఒక విన్నపం

అయ్యా,

ఉభయకుశలోపరి. ప్రామాణిక అరబ్బీ వాక్యంలో నామానికీ దాని వివరణకూ నడుమ కావలి కాసే సంబంధ సర్వనామమైన తమరి పేరు మొదట విన్నప్పుడు, ఎవరో 'అల్లదిగో' అని వేలు చూపిస్తున్నారనుకున్నాను. 'నేను చదివిన పుస్తకం' అని మూడు మాటల్లో తేల్చుకునే తెలుగువాడిని తమరు 'అల్ కితాబుల్లదీ ఖరఅతుహు' అనిపించారు. అంటే, 'ఆ పుస్తకం, ఏదైతే ఉందో, దాన్ని నేను చదివాను' అన్నమాట. చివరనున్న ఆ 'హు' ఎందుకని అడిగితే, వివరణలోకి వెళ్లిన పుస్తకాన్ని మళ్లీ ఇంటికి చేర్చే సర్వనామమనీ, దాన్ని 'ఆఇద్', అంటే తిరిగివచ్చేది, అంటారనీ చెప్పారు. తీరా 'ఏదో ఒక పుస్తకం' అని అనిశ్చితంగా అన్నానో లేదో, తమరు వాకిట్లో కనబడలేదు. ఎరిగినవారికి తప్ప తలుపు తీయని మర్యాద తమరిది.

తమరి దుస్తుల పెట్టె సంగతి వేరే చెప్పాలి. పురుషుడికి అల్లదీ, స్త్రీకి అల్లతీ, పురుషులు పలువురైతే అల్లదీన, స్త్రీలు పలువురైతే అల్లాతీ లేదా అల్లవాతీ. వేయి పుస్తకాలున్నా మనుషులు కావు కనుక తమరి లెక్కలో ఒక్క ఆడమనిషితో సమానం, అల్లతీయే. ('ఆవిడ వచ్చింది', 'ఆవు వచ్చింది' అని ఒకే క్రియతో సరిపెట్టుకునే మేము ఈ విషయంలో నోరెత్తలేమని ఒప్పుకుంటున్నాను.) ఇక ఇద్దరు కనబడితే తమరికి పూనకమే: అల్లదాని, అల్లతాని, వారే కర్తలు కాకుండా కర్మలైతే అల్లదైని, అల్లతైని. ఒకరికీ పలువురికీ మారని రూపం ఇద్దరికి మాత్రమే విభక్తిని బట్టి మారడం ఏ న్యాయమో తెలియదు. రాతలోనూ ఏకవచనానికీ పురుష బహువచనానికీ ఒకే 'లామ్' (అంటే 'ల' అక్షరం) రాయించి, ఇద్దరికి రెండు లాములు రాయిస్తారు. హ్రస్వాచ్చులు సాధారణంగా రాయని లిపిలో ఆ రెండో లామ్ లేకపోతే, అల్లదైని అన్నదీ అల్లదీన అన్నదీ ఒక్కలాగే కనబడతాయి. ఆ లామ్ మరిచి నేను పోగొట్టుకున్న మార్కులు తమరి ఖాతాలోనే ఉన్నాయి.

ఇంతకీ తమరి ఇంటివారే తమరిని పిలవడం లేదు. కైరో, డమాస్కస్, బాగ్దాద్‌లలో మాట్లాడుకునేటప్పుడు ఒక్క 'ఇల్లీ' ఈ పనంతా చేస్తుంది. మొరాకోలో అది 'ల్లీ' అవుతుంది. ఫోన్ సందేశాల్లోనూ, ఈజిప్టు మాండలికంలో నడిచే వికీపీడియాలోనూ అదే రాతకెక్కింది. మాల్టాలోనైతే, అరబ్బీ నుంచి పుట్టిన మాల్టీసు భాషలో అది 'లి'గా రోమన్ లిపిలో స్థిరపడి, 2004 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకదానికి ఉద్యోగం చేస్తోంది.

ఇది నేటి పిల్లల బద్ధకమని తమరు అంటారేమో. మధ్యయుగాల్లో అరబ్బీ మాట్లాడే యూదులు హీబ్రూ అక్షరాల్లో రాసుకుని కైరో గెనీజాలో, అంటే ప్రార్థనామందిరంలో పాత కాగితాలు దాచే గదిలో, భద్రపరచిన కాగితాలను ఒకసారి తెప్పించుకుని చూడండి. అక్కడ తమరు ఉన్నారు, కానీ ఆడా మగా, ఒకరూ పదిమందీ అన్న తేడా లేకుండా అన్నిచోట్లా ఒకే 'అల్లదీ'. అంటే తమరి జరీ కోటు తొడుక్కుని పనిచేసినది ఇల్లీ పద్ధతే. దానికీ పూర్వం, సిరియాలో దొరికిన క్రీ.శ. 328 నాటి నమారా అరబ్బీ శాసనంలో, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది, తమరుండవలసిన చోట 'దూ' ఉంది. తయ్యి అనే ప్రాచీన అరబ్బు తెగవారు అలాంటి 'దూ'నే లింగ వచనాలతో నిమిత్తం లేకుండా వాడేవారని తమరి వ్యాకర్తలే రాసిపెట్టారు.

కాబట్టి నా విన్నపం చిన్నదే. బహువచనాలను భరిస్తాను, 'హు'ను భరిస్తాను. ఆ ద్వివచనం నలుగురికీ మాత్రం పింఛను ఇచ్చి ఇంటికి పంపండి.

ఇట్లు,
తమరి వాకిట చెప్పులరిగిన విద్యార్థి

తా.క. ఈ ఉత్తరంలో తమరు చేయవలసిన పని ఎన్నోసార్లు పడింది. తమరిని అనుకరించి చూపిన ఆ ఒక్కచోట తప్ప, మా క్రియలే కాస్త వంగి చేసేశాయి.