నీళ్లు నిలవని కుండకు దండం

మెక్సికో సిటీలో జానపద కళల మ్యూజియం ఉంది. ఒకప్పుడది ఫైర్ స్టేషన్, 2006లో మ్యూజియంగా తెరిచారు. బహుమతులు కొట్టిన కళను చూసి తరిద్దామని డాలస్ నుంచి మిత్రుడితో వెళ్లాను. కళ విషయంలో నా పద్ధతి పక్కాగా ఉంటుంది. ముందు చీటీ చదవాలి. బహుమతి వచ్చిందని ఉంటే తల పంకించాలి. లేకపోతే బాత్రూమ్ ఎటో చూసుకోవాలి.

మొదట నల్లకుండ. వహాకా రాష్ట్రంలో సాన్ బార్తోలో కోయోతెపెక్ అనే ఊరి పనితనం. తరతరాలుగా అక్కడి కుండలు బూడిదరంగులో ఉండేవి, నీళ్లూ మెస్కాల్ సారా మోసేవి. వాటికి ఏ టూరిస్టూ దండం పెట్టి ఉండడు. 1950లలో దోన్యా రోసా అనే కుమ్మరి, మట్టి పూర్తిగా ఆరకముందే పలుగురాయితో రుద్దిరుద్ది, తక్కువ సెగలో కాల్చింది. కుండ నల్లగా, అద్దంలా మెరిసింది. కాకపోతే నీళ్లు నిలవవు. అంతే, లోకం దాసోహం! పనిచేసినన్నాళ్లూ కుండ, పని మానేశాక కళాఖండం. ఈ రహస్యం మా ఆఫీసులో కొందరు మేనేజర్లు ఎప్పుడో కనిపెట్టారు.

పక్కనే అలెబ్రిహేలనే వింత జంతువుల బొమ్మలు. 1936లో పేద్రో లినారెస్ అనే కాగితపు బొమ్మల కళాకారుడికి జ్వరమొచ్చింది. కలలో సీతాకోకచిలుక రెక్కల గాడిద, ఎద్దుకొమ్ముల కోడిపుంజు వచ్చి ‘అలెబ్రిహేలు!’ అని అరిచాయట. లేచి వాటినే చేశాడు. జాతీయ బహుమతి 1990లో వచ్చింది. జ్వరానికీ బహుమతికీ మధ్య 54 ఏళ్లే! నాకు డెంగ్యూ వచ్చినప్పుడు కలలోకి అప్రైజల్ వచ్చింది. దానికి రెక్కల్లేవు.

ఆపైన వోచోల్. విచోల్ తెగవాళ్లు ఎనిమిది మంది కలిసి ఒక పాత బీటిల్ కారు ఒళ్లంతా పూసలు అంటించారు. 22,77,000 పూసలు, 9,000 గంటలకు పైగా పని. జింకలు, తేళ్లు, పాములు ఒక్కో పూసగా లేచాయి. టైమ్‌షీట్లు నింపిన బుర్ర కదా, గంటకు 250 పూసలని లెక్క తేల్చేశాను. మావాడు చాలాసేపు మౌనంగా చూసి, గద్గద స్వరంతో అడిగాడు: ‘‘రీసేల్‌కి ఎంత పలుకుతుందంటావ్?’’

బయటికొచ్చాం. ఫుట్‌పాత్ మీద ఒక పెద్దావిడ కొయ్యతో చేసిన చిన్న అలెబ్రిహే అమ్ముతోంది. చీటీ లేదు, అద్దం లేదు. అదో రెక్కల బల్లి. ఒంటి మీద సూదిమొనంత చుక్కలు, వరస తప్పకుండా. నాలుగు వందల యాభై పెసోలంది. లోపల గుండె మీద చెయ్యేసుకున్న ఇద్దరం, బయట ఏకకంఠంతో ‘‘రెండొందలు!’’ అన్నాం. మూడొందలకు తెగింది. ఆవిడ పాత వార్తాపత్రికలో చుట్టి, రెక్క విరక్కుండా పట్టుకోమని చేత్తో చూపించింది.

ఇంటికొచ్చాక షూ ర్యాక్ మీదున్న కొండపల్లి అంబారీ ఏనుగును కిందికి దించాను. దుమ్ము తుడిచి షోకేసులో బల్లి పక్కన నిలబెట్టి, ముందు ‘ముట్టుకోరాదు’ అని చీటీ పెట్టాను. మా ఆవిడ వంగి చూసింది.

‘‘ఏనుగు భలే ఉందండీ. ఇదీ మెక్సికోదేనా? ఎంతైంది?’’