ఆరు నిమిషాలు మిగిల్చిన మహాతల్లికి

మహారాజశ్రీ దారి చూపే యాప్ గారికి,

నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. ఇక్కడ అంటే ఎక్కడో మాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి పైన ఊరి పేరు రాయలేదు. మీరు కూడా క్షేమంగా, ఛార్జింగులోనే ఉన్నారని తలుస్తాను.

ఈ చలికాలం సముద్రం ఒడ్డు వెంబడి నాలుగు రోజులు కారులో తిరిగి రావాలనుకున్న సంగతి మీకు తెలిసినదే. మేం సంచులు సర్దకముందే ఆ ఊళ్ళ లాడ్జీల ప్రకటనలు ఫోన్లో కనబడ్డాయి. మా ప్లాన్ ఏంటంటే ప్లాన్ లేకపోవడం. ఒక పక్కన సముద్రం ఉండాలి. బాగున్న చోట ఆగాలి. చీకటి పడిన ఊళ్ళో పడుకోవాలి. కారు నడిపేది నేను, పక్కన మా ఆవిడ, వెనక మా అత్తగారు. ఇంత చిన్న వ్యవహారంలో నేను చేసిన తప్పు ఒక్కటే. చివరి ఊరి పేరు మీ చెవిన వేశాను.

మీరు వెంటనే "వేగవంతమైన మార్గం" అని ఓ నీలం గీత గీసిచ్చారు. ఆ గీతకి సముద్రమంటే పాతకక్ష ఉన్నట్టుంది, సరాసరి లోపలికి పరుగెత్తి హైవే ఎక్కేసింది. రెండు గంటలు లారీల వెనక భాగాలు చదువుకుంటూ వెళ్ళాం. అత్తగారు శాలువా సర్దుకుని "సముద్రం ఎప్పుడొస్తుందమ్మా?" అన్నారు. ఆవిడ అడిగింది కూతుర్ని. జవాబు మాత్రం మీరిచ్చారు: "ఇదే రోడ్డులో అరవై రెండు కిలోమీటర్లు ముందుకు వెళ్ళండి."

నేను మొండికేసి పక్క రోడ్డులోకి తిప్పాను. అప్పుడు మొదలైంది మీ జపం. "వీలైనప్పుడు యూ-టర్న్ తీసుకోండి." చెరువు గట్టు మీద, తాటితోపు పక్కన, లెవెల్ క్రాసింగ్ దగ్గర, అన్నిచోట్లా అదే మాట. గొంతులో ఒక్కసారి కూడా విసుగు లేదు, అది ఇంకా బాధ. పదకొండోసారికి అత్తగారి మనసు కరిగింది. "పాపం, ఆ అమ్మాయి గొంతు పోయేలా చెబుతోంది, ఒక్కసారి తిప్పరాదూ అల్లుడుగారూ?"

తిప్పలేదు. ఇరవై నిమిషాల్లో సముద్రం వచ్చింది. మీరు అలిగి, కొత్త గీత గీసుకుని, కాసేపు నోరు మూసుకున్నారు.

మీకు మౌనం ఎక్కువసేపు సరిపడదని సాయంత్రానికి అర్థమైంది. "వేగవంతమైన మార్గం దొరికింది, ఆరు నిమిషాలు ఆదా" అన్నారు. వద్దు అని నొక్కకపోతే సరే అన్నట్టే లెక్క, అది మీ పద్ధతి. నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. ఒడ్డు మీది రోడ్డు వదిలించి, గోదాముల మధ్యలోంచి ఓ సందులోకి లాక్కెళ్ళారు. సూర్యుడు సముద్రంలోకి దిగే వేళకి మేం ఓ ఐసు ఫ్యాక్టరీ వెనక గోడని చూస్తూ ఉన్నాం. గోడ శుభ్రంగానే ఉంది. లాడ్జికి సరిగ్గా ఆరు నిమిషాలు ముందు చేరాం. గది ఇంకా ఊడుస్తున్నారు, ఆగమన్నారు. మీరు మిగిల్చిన ఆ ఆరు నిమిషాలూ ముగ్గురం కారులో కూర్చుని ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకున్నాం.

తప్పంతా మీదే అనేంత కృతఘ్నుణ్ణి కాదు. మీరు తెర మూలన చేరే సమయం చూపిస్తారే, నన్ను పట్టుకున్న దయ్యం అది. 5:42 అని మీరంటే 5:40కి చేరి మీ మీద గెలవాలనిపిస్తుంది. ఎందుకు గెలవాలో అడక్కండి. ఆ రెండు నిమిషాల కోసం ఒక లైట్‌హౌస్ దాటేశాను, పడవలకి రంగులేస్తున్న ఓ రేవు దాటేశాను, "కాస్త ఆపండి, కాళ్ళు పట్టేశాయి" అన్న అత్తగారి మాట కూడా దాటేశాను. ఈ చివరిదానికి శిక్ష ఇంట్లో విడిగా అమలవుతోంది.

మీ వంశం గురించి కాస్త చదివాను. రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారిని లెక్కకట్టే పద్ధతిని 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ పెద్దమనిషి కనిపెట్టాడు. ఎక్కడ కూర్చుని అనుకున్నారు? పెళ్ళాడబోయే అమ్మాయితో ఆమ్‌స్టర్‌డామ్‌లో షాపింగుకి వెళ్ళి, అలిసిపోయి, ఒక హోటల్ అరుగు మీద కాఫీ తాగుతూ. కాగితం, పెన్సిలు కూడా లేకుండా ఇరవై నిమిషాల్లో తేల్చేశానని తరవాత తనే చెప్పాడు. మూడేళ్ళ తరవాత తీరిగ్గా అచ్చు వేయించాడు. మీ మూలపురుషుడు పుట్టిందే ఊరికే కూర్చున్న వేళ అన్నమాట. ఆ ఇరవై నిమిషాలూ ఆయన జేబులో మీరుండి, "వేగవంతమైన మార్గం దొరికింది, లేవండి" అని ఉంటే మీరు పుట్టేవారే కాదు.

మీ వెనకున్న యంత్రాంగం చూస్తే ఇంకా కంగారేస్తుంది. 20,000 కిలోమీటర్ల పైన ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. వాటిలోని గడియారాలు నేల మీది వాటికంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ఆ తేడా సరిచేయకపోతే ఒక్క రోజులోనే దారి కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. ఆకాశం, అణుగడియారాలు, ఐన్‌స్టీన్, ఇంతమంది కలిసికట్టుగా కృషి చేసి నన్ను ఐసు ఫ్యాక్టరీ వెనక నిలబెట్టారు. మీటరు కూడా తేడా రాలేదు.

ఇంకో మాట. మీరు కొలిచేది రోడ్డుని, ఒడ్డుని కాదు, ఒప్పుకుంటాను. అదే మంచిదైంది, ఒడ్డుని కొలవడం మీ వల్ల కాదు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆయన దేశాల సరిహద్దుల పొడవులు సేకరిస్తుంటే, స్పెయిన్, పోర్చుగల్ మధ్యనున్న ఒకే సరిహద్దుని ఒక లెక్క 987 కిలోమీటర్లంటే ఇంకో లెక్క 1,214 అంటోందని కనబడింది. రెండూ అబద్ధాలు కావు. ఎంత చిన్న కొలబద్ద పెడితే అన్ని వంపులు లెక్కలోకి వస్తాయి, పొడవు అంత పెరుగుతుంది. దీన్ని పట్టుకుని 1967లో మాండెల్‌బ్రాట్ అనే లెక్కల పండితుడు బ్రిటన్ తీరం పొడవెంత అని అడిగి, దానికి ఒకే జవాబు లేదని తేల్చాడు. మీ కొలబద్ద లారీ అంత ఉంటుంది. మా అత్తగారిది చెప్పు అంత. ఆవిడ మూడో రోజు పొద్దున్న గవ్వల కోసం ఓ చిన్న మలుపు చుట్టూ నడిచి వచ్చేసరికి గంటన్నర పట్టింది. మీ పటంలో ఆ మలుపు లేనే లేదు.

బీచ్‌ల విషయంలో మీ అమాయకత్వం చూస్తే జాలేస్తుంది. మీరు చూపించిన ఫొటోలో క్రికెట్ ఆడుకునేంత ఇసుక ఉంది. వెళ్ళి చూస్తే నాలుగు అడుగుల ఇసుక, దాని వెనక గులకరాళ్ళు. మోసపోయామని మా ఆవిడ మండిపడింది. మోసం కాదు, చాలా తీరాల్లో చలికాలం తంతే అంత. పెద్ద అలలు ఒడ్డు మీది ఇసుకని లాక్కెళ్ళి కాస్త లోపల నీళ్ళ కింద తిన్నెలుగా దాస్తాయి. ఎండాకాలం మెత్తటి అలలు మళ్ళీ తెచ్చి పెడతాయి. మీ ఫొటో ఎవరో సెలవుల్లో తీసింది. దాని కింద సముద్రానికి 4.2 అని మార్కులు. మిగతా 0.8 ఎక్కడ తగ్గిందో సముద్రానికి చెబితే దిద్దుకుంటుంది. "ప్రస్తుతం ఇక్కడ రద్దీ తక్కువ" అని కూడా రాశారు. నిజమే. మేం ముగ్గురం, ఒక కుక్క. కుక్క దగ్గర ఫోను లేదు కాబట్టి అది మీ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మూడో రోజు మధ్యాహ్నం ఏరు సముద్రంలో కలిసే చోట "నాలుగు వందల మీటర్లు నేరుగా వెళ్ళండి" అన్నారు. నేరుగా నీళ్ళున్నాయి. నీళ్ళ కింద రోడ్డుంది, అవతల మళ్ళీ పైకి లేచింది. వల బాగుచేసుకుంటున్న ఒకాయన తలెత్తకుండానే "పోటు మీదుంది బాబూ, తీసేదాకా ఆగండి" అన్నాడు. తలెత్తలేదంటే మాలాంటి వాళ్ళని రోజూ చూస్తున్నాడని అర్థం. ఇలాంటి దారులు లోకంలో ఇంకా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో పాసాజ్ ద్యు గ్వా అని నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. చిక్కుకున్నవాళ్ళు ఎక్కి ప్రాణాలు కాపాడుకోవడానికి మధ్యలో స్తంభాలు పాతారు. పోటుకీ పోటుకీ మధ్య చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలు. చంద్రుడు కాస్త ముందుకు జరుగుతాడు కాబట్టి రేపటి పోటు ఈరోజుకంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఈ లెక్కలు కట్టే యంత్రాన్ని 1870లలోనే విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త కప్పీలూ తాడూ పెట్టి చేయించాడు. కప్పీలకి తెలిసింది మీకు తెలియకపోతే ఎలా తల్లీ?

మూడున్నర గంటలు కూర్చున్నాం. సిగ్నల్ కూడా లేదు కాబట్టి మీరూ మాతో కూర్చున్నారు, తెల్లటి తెర మీద నీలం చుక్కలా. మొదటి అరగంట నాకు ఒకటే టెన్షన్, ఏదో రైలు తప్పిపోతున్నట్టు. తరవాత టెన్షన్ దానంతటదే ఎటో వెళ్ళిపోయింది. నీళ్ళు తీస్తున్న కొద్దీ తడి ఇసుక మీద ఉల్లంకి పిట్టలు దిగాయి. అల వెనక్కి పోగానే దాని వెంట పరుగు, అల తిరిగి రాగానే వెనక్కి పరుగు. ఇవి ఎక్కడో ఉత్తరధ్రువం అంచుల్లో పుట్టి చలికాలానికి ఇలా వస్తాయి. వీటిలో చాలా జాతుల్లో పెద్దవి ముందే బయల్దేరిపోతాయి, ఆ ఏడాది పుట్టిన పిల్లలు తరవాత తమంతట తాము వస్తాయి. ముందు వెళ్ళి చూపించేవాళ్ళు లేరు, యూ-టర్న్ చెప్పేవాళ్ళు లేరు. మా అత్తగారు కారు తలుపు తీసి పెట్టుకుని, చలిగాలికి శాలువా నెత్తిన కప్పుకుని, వల బాగుచేసే ఆయనతో పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుతూనే ఉన్నారు. మా ఆవిడ నిద్రపోయింది. పెళ్ళయ్యాక మేం ముగ్గురం ఏ గొడవా లేకుండా ఒకేచోట ఉన్న అతి ఎక్కువ సేపు బహుశా ఇదే.

రోడ్డు బయటపడింది. ఇటు నాచు, అటు రెండు పీతలు. అవతల ఒడ్డు ఎక్కగానే సిగ్నల్ వచ్చింది. మీరు గొంతు సవరించుకుని, "మీ ప్రయాణం మూడు గంటల నలభై నిమిషాలు ఆలస్యమైంది" అన్నారు. మా ముగ్గురికీ నవ్వాగలేదు.

ఇక నా నేరం. ఆ రాత్రి లాడ్జిలో మా ఆవిడ ఫోన్ తీసుకుని, సెట్టింగుల్లో "హైవేలు వద్దు" అనే మీటని చూపించింది. మొదటి రోజు నుంచీ ఉందట. నొక్కాను. "ఈ మార్గం రెండు గంటలు ఎక్కువ" అని మీరు ఎర్రక్షరాల్లో, రక్తపరీక్ష ఫలితం చెప్పినట్టు చెప్పారు. నాలుగో రోజు ఆ రెండు గంటలూ సముద్రం పక్కనే గడిచాయి. మూలన ఉన్న సమయం మీద మా ఆవిడ స్టిక్కర్ అంటించింది. నేను రెండుసార్లు గీకబోయాను, చేతి మీద కొట్టింది.

ఇట్లు,
చేరవలసిన చోటికి నాలుగు గంటలు ఆలస్యంగా చేరిన,
మీ నీలం చుక్క

తా.క.: ఈ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్తగారికి నచ్చలేదు, "ఆ అమ్మాయిని అన్నేసి మాటలంటారా" అన్నారు. డాష్‌బోర్డు మీద ఫోను పెట్టిన తీరుకి నాలుగు రోజులూ మీ ముఖం మావైపు, వీపు సముద్రం వైపు ఉండిపోయిందట. వచ్చేసారి ఒక పూటైనా అటు తిప్పి పెట్టమన్నారు, మీరు కూడా చూస్తారని.