ఏడో కిలోమీటరు దగ్గర మానవజాతి

మా తోడల్లుడు పరుగెత్తుతాడు. మాటను ఇలా బోడిగా వదిలేస్తే ఆయనకు నచ్చదు. ఎంత దూరం, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఎంత ఎత్తు ఎక్కి దిగాడు, ఇవన్నీ చెప్పాలి. చెప్పకపోతే అది పరుగు కాదు, వెనక ఎవరో తరుముతున్నారని అర్థం. ప్యారిస్‌లో ఉద్యోగం చేస్తున్న ఈ మహానుభావుడు పోయిన వేసవిలో ఫోను చేసి, "అన్నయ్యా, మీరు వస్తే అందరం కలిసి వెజేర్ లోయకు వెళ్దాం" అన్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. వెజేర్ లోయ! ఫ్రాన్సు నైరుతిలో దొర్దోన్ ప్రాంతంలో ఆ చిన్న నది ఒడ్డున ఆదిమానవుల స్థావరాలు 147, గోడల మీద చిత్రాలున్న గుహలు 25 ఉన్నాయి. 1979 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న లోయ. నేను కాలేజీ రోజుల నుంచి పుస్తకాల్లో చూసి లొట్టలు వేసిన చోటు. తోడల్లుడిని ఇన్నేళ్ళూ అపార్థం చేసుకున్నానే అని ఆ రాత్రి మా ఆవిడ దగ్గర పశ్చాత్తాపపడ్డాను కూడా.

పశ్చాత్తాపం వాపసు తీసుకోవడానికి ఒక్క రోజు పట్టింది. ఆయన ఆ లోయను ఎంచుకున్న కారణం ఒక పరుగుదారి పటం. దాన్ని నాకు పంపించాడు. ఎవరు తయారు చేశారో గానీ, మానవజాతి చరిత్ర మొత్తాన్ని అంత పొదుపుగా రాసినవాళ్ళు మరొకరు ఉండరు. మొదలుపెట్టే చోటు: లెజేజీ ఊరి పార్కింగు. ఒకటో కిలోమీటరు లోపే: క్రోమాన్యన్, ఒళ్ళు విరుచుకోవడానికి అనువైన స్థలం. తర్వాత: మంచినీళ్ళ కుళాయి. ఏడో కిలోమీటరు దగ్గర: లా మద్లేన్, చెట్ల నీడ, కాస్త వేగం పెంచవచ్చు.

క్రోమాన్యన్ అంటే ఏమిటో ఒక్కసారి చెప్పనివ్వండి. 1868లో, అక్కడ రైలు మార్గం వేస్తున్న రోజుల్లో, ఒక బండ కింద మట్టి తవ్వుతుంటే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. పెద్దవాళ్ళవి, ఒక పసిబిడ్డవి. పక్కన చిల్లులు పొడిచిన గవ్వలు. చనిపోయినవాళ్ళకు ఎవరో దండలు వేసి సాగనంపారు. ఆ బండ పేరే ఆ మనుషులకు పెట్టారు, మన స్కూలు పుస్తకాల్లోకి అలాగే వచ్చింది. అంతటి చోట మా తోడల్లుడు కాలు ఎత్తి రాతికి ఆనించి పిక్క సాగదీసుకున్నాడు. ఎడమ కాలు అయ్యాక కుడి కాలు. లా మద్లేన్‌లో 1864లో ఒక దంతపు ముక్క దొరికింది, దాని మీద మామత్ బొమ్మ, అంటే ఎప్పుడో అంతరించిపోయిన బొచ్చు ఏనుగు బొమ్మ, చెక్కి ఉంది. దాన్ని బతికుండగా చూసినవాడు తప్ప అలా గీయలేడు. మనిషీ మామతూ ఒకే కాలంలో తిరిగారని వాదించేవాళ్ళకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. సరే, చెట్ల నీడ ఉంది, వేగం పెంచవచ్చు.

పరుగువీరులను సమర్థించే ఒక వాదం ఉంది, అది కూడా న్యాయంగా చెప్పాలి. ఆదిమానవుడు పరుగెత్తలేదా, మేం ఆయన వారసులం అంటారు. నిజమే. కాకపోతే ఆయన అన్నం కోసం పరుగెత్తాడు, వీళ్ళు అన్నం అరగడానికి పరుగెత్తుతున్నారు. దొర్దోన్ అంటే బాతు మాంసం, ఫ్వాగ్రా అనే కొవ్వెక్కిన బాతు కాలేయం, ఆక్రోటు కేకు. రాత్రి బాతు కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకుని, "రేపు పద్దెనిమిది కిలోమీటర్లున్నాయి అన్నయ్యా" అని ఆయన బాధ్యతగా నిట్టూర్చాడు. అదే లోయలోని లాస్కో చిత్రాల గుహలో దొరికిన తిని పారేసిన ఎముకలు ఎక్కువ భాగం రెయిన్‌డీరు అనే మంచు ప్రాంతపు జింకవి. గోడల మీద చూస్తే గుర్రాలు, ఎద్దులు, దుప్పులు. రెయిన్‌డీరు బొమ్మ వెతికితే ఒక్కటి. తిన్నది ఒకటి, నలుగురికీ చూపించుకున్నది ఒకటి. ఈ ఒక్క విషయంలో మాత్రం మా తోడల్లుడు అసలు సిసలు వారసుడే: తినేది బాతు, చూపించేది కిలోమీటర్లు.

ఇక రోక్ సెంట్ క్రిస్టోఫ్ దగ్గర జరిగింది. నది మీదికి వంగి కిలోమీటరు పొడవున, ఎనభై మీటర్ల ఎత్తున నిలబడిన సున్నపురాతి కొండ అది. అంతరించిపోయిన మరో మానవజాతి, నియాండర్తల్ మనుషులు, దాని కింద తలదాచుకున్నారు. మధ్యయుగంలో దాని అరల్లో ఒక ఊరు ఊరే కాపురం ఉంది. 1588లో క్యాథలిక్కుల, ప్రొటెస్టెంట్ల మతయుద్ధాల్లో ఆ ఊరిని నేలమట్టం చేశారు. ఇన్ని చూసిన కొండ ఆ ఉదయం ఒక నేరం చేసింది. మా తోడల్లుడి చేతి గడియారానికి ఆకాశాన్ని అడ్డుకుంది.

ఆ గడియారం ఉపగ్రహాలను అడిగి దూరం కొలుస్తుంది. అంత ఎత్తు బండ పక్కన సగం ఆకాశం మాయమవుతుంది, వచ్చే సంకేతాలు కూడా రాతికి తగిలి ఆలస్యంగా చేరుతాయి. దాంతో లెక్క తప్పింది. కారులో వెనకాల వెళ్ళిన నేను చేరేసరికి ఆయన దారి మధ్యలో నిలబడి, ముంజేతిని మొహానికి ఆనించుకుని, కొడుకు పరీక్ష తప్పిన తండ్రిలా ఉన్నాడు. "చూడండి అన్నయ్యా" అని ఫోను చూపించాడు. పటంలో ఎర్రగీత లెజేజీ నుంచి బుద్ధిగా వచ్చి, కొండ దగ్గర ఒక్కసారిగా పక్కకు తిరిగి, వెజేర్ నదిలోకి దిగి, నీళ్ళ మీదే కొంత దూరం నడిచి, అవతలి ఒడ్డున గడ్డివాములు తిరిగి వచ్చింది. క్రైస్తవ దేశంలో నీళ్ళ మీద నడవడం చిన్న విషయం కాదు, దాన్ని ఘనతగా చెప్పుకోమన్నాను. ఆయన నవ్వలేదు. "నాలుగు వందల ముప్ఫై మీటర్లు పోయాయి" అన్నాడు. ఎక్కడికి పోయాయి? కాళ్ళు పరుగెత్తాయి, చెమట పట్టింది, ఊపిరి ఎగసింది, అయినా పోయాయి. వేదాంతులు వేల ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకున్న ప్రశ్నను ఆ గడియారం తేల్చేసింది: నమోదు కానిది జరగలేదు.

అప్పుడు ఆయన వెనక్కి తిరిగాడు. పోయిన మీటర్లను మళ్ళీ పరుగెత్తడానికి. కొండ మళ్ళీ ఆకాశాన్ని మూసింది. ఈసారి గడియారం ఆయన్ను కొండ పైకి ఎక్కించి దించింది. మూడోసారి చెయ్యి ఆకాశానికి ఎత్తిపట్టుకుని పరుగెత్తాడు. ఎత్తిన చేత్తో, చెమటతో, తల వెనక్కి విరిచి, యాభై అయిదు వేల ఏళ్ళ మనుషుల ఇంటి ముందు నుంచి ఇటూ అటూ, ఇటూ అటూ. టికెట్టు కొనుక్కుని పైన అరల్లో తిరుగుతున్న ఒక ముసలాయన ఆగి చాలాసేపు చూశాడు. ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నాడేమో, చప్పట్లు కొట్టాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. అబద్ధం ఎందుకు, ఆ రాతిగోడ నీడలో కూర్చుని కడుపుబ్బ నవ్వాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది అసలు సంగతి. ఆ రోజు పదకొండు గంటలకు ఫాన్ ద గోమ్ గుహకు ఆయనకు టికెట్టు ఉంది. 1901లో లెజేజీ బడిపంతులు డెని పెరోనీ కనిపెట్టిన గుహ. రంగురంగుల అసలు చిత్రాలను ఇంకా జనానికి చూపిస్తున్న గుహ ఫ్రాన్సులో దాదాపు ఇదొక్కటే. రోజుకు కొన్ని పదుల మందిని మాత్రమే పంపుతారు. మాకు ఒక్క చోటే దొరికింది, ఆయన పేరు మీద. మర్యాదకు ఆయన నన్ను వెళ్ళమనలేదు, మర్యాదకు నేను అడగలేదు. ఆ ఒక్క చోటునూ ఆయన నాలుగు వందల ముప్ఫై మీటర్ల కోసం వదిలేశాడు. "పోనీండి అన్నయ్యా, ఇంటర్నెట్టులో ఫోటోలు ఉంటాయి" అన్నాడు, బాతు కాలు కొరుకుతూ.

ఆ గుహలో ఒక బొమ్మ ఉంది. మోకాళ్ళ మీద వంగిన ఆడ రెయిన్‌డీరు నుదుటిని మగది నాలుకతో నిమురుతోంది. నిప్పు వెలుగులో, చీకట్లో, వేల ఏళ్ళ కిందట, ఎవరో మనిషి ఆ ప్రేమను చూసి, గుర్తుంచుకుని, లోపలికి తీసుకెళ్ళి గోడ మీద పెట్టాడు. దాని ముందు నిలబడే అదృష్టం చేతిలో ఉండి పారేసుకోవడం ఎంత నిర్లక్ష్యం! లాస్కో సంగతి ఆయనకు తెలియదా? 1940 సెప్టెంబరులో దగ్గర్లోని మోంతిన్యాక్ ఊరి కుర్రాళ్ళకు అది కనబడితే, వాళ్ళలో పద్నాలుగేళ్ళ జాక్ మార్సాల్ గుహ నోటి దగ్గరే గుడారం వేసుకుని కాపలా కాశాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు! 1948లో దాన్ని జనానికి తెరిచారు, మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు, గుంపులు గుంపులుగా పంపారు. 17 వేల ఏళ్ళు చెక్కుచెదరని రంగుల మీద మన ఊపిరికి, మన చెమటకు పచ్చని నాచు పట్టింది. 1963లో తలుపు మూశారు. ఈ రోజు మీరూ నేనూ చూడగలిగేది 1983లోనో 2016లోనో కట్టిన నకలు. అసలుది మనం చూసి చూసి చంపబోయాం. మిగిలిన ఒకటీ అరా గుహలకు ఇంకెన్నేళ్ళు తలుపులు తెరిచి ఉంటాయి?

అదే ఊరి పక్కన ఒక రాతి అరలో కప్పు మీద మీటరు పొడవు సాల్మన్ చేప చెక్కి ఉంది. 1912లో బయటపడగానే బెర్లిన్ మ్యూజియానికి అమ్మేద్దామని చుట్టూ తొలిచారు. ప్రభుత్వం అడ్డుపడింది గనక ఆగింది. ఆ గాట్లు చేప చుట్టూ చట్రంలా ఇప్పటికీ ఉన్నాయి. దుర్మార్గం. అయినా తొలిచినవాడు కనీసం ఆ చేప వంక చూశాడు! దాని విలువ వాడికి తెలుసు! మా తోడల్లుడు దాని ముందు నుంచి కిలోమీటరుకు అయిదు నిమిషాల ఇరవై సెకన్ల వేగంతో వెళ్ళాడు, ఆ సంగతి ఆయన గడియారంలో భద్రంగా ఉంది.

ఇదంతా ఆయనతో అన్నానా? లేదు. మరదలు పక్కనే ఉంది. "బాతు బాగుంది" అన్నాను.

సాయంత్రం లెజేజీ కొండ అంచున ఉన్న మ్యూజియం దగ్గరకు వెళ్ళాం. అక్కడ పోల్ దార్దే చెక్కిన ఆదిమానవుడి విగ్రహం ఉంది. 1931 నుంచి లోయ వంక చూస్తూ నిలబడి ఉంది. చేతులు కిందికి వేలాడుతున్నాయి, ముంజేతికి ఏమీ లేదు. మా తోడల్లుడు దాని పక్కన అలాగే చేతులు వేలాడేసి నిలబడి ఫోటో తీయమన్నాడు. తీశాను. చూసి పెదవి విరిచాడు. "గడియారం సరిగ్గా పడలేదు అన్నయ్యా, ఇంకొకటి."

మళ్ళీ తీశాను. గడియారం చక్కగా పడింది. తల పడలేదు.