‘ఈ తరం ఉద్యోగంలో నిలవదు’: ఈ మాటకు ఆధారం ఉందా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: "1997 తర్వాత పుట్టినవాళ్లు ఉద్యోగంలో నిలవరు. యాభై దాటినవాళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కదు. ఇద్దరికీ మాట కలవదు. కాబట్టి తరానికో పద్ధతిలో పని చేయించుకోవాలి."

ముందు నిలకడ సంగతి. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 25–34 ఏళ్లవాళ్లు ఒకే యజమాని దగ్గర పనిచేస్తున్న మధ్యస్థ కాలం (సగం మంది ఇంతకన్నా తక్కువ, సగం మంది ఎక్కువ) 1983లో 3 ఏళ్లు, 2022లో 2.8 ఏళ్లు. నలభై ఏళ్లలో తగ్గింది రెండున్నర నెలల్లోపే. ఉద్యోగాలు మారడం ఆ వయసు లక్షణం. ఇవాళ్టి పాతికేళ్లవాళ్లను ఇవాళ్టి యాభై ఏళ్లవాళ్లతో పోలిస్తే వయసు తేడా తెలుస్తుంది కానీ తరం తేడా తెలియదు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, వయసుతో నేర్చుకునే వేగం కొంత తగ్గే మాట నిజమే. నేర్పే తీరు దాన్ని ఇంకా చెడగొడుతుంది. పక్క సీటు కుర్రాడు "ఇటివ్వండి సార్, నేను చేసేస్తా" అని మౌస్ లాక్కుంటాడు. పని అయిపోతుంది, ఏం నొక్కాడో సార్‌కు తెలియదు, వారానికి మళ్లీ అదే ప్రశ్న. మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి. డెమో ఫైలు పక్కనపెట్టి, రేపు పంపాల్సిన అసలు ఫైలుతోనే చేయించాలి. ఏ మెట్టు తర్వాత ఏదో వాళ్ల మాటల్లో వాళ్లే రాసుకోవాలి. మూడు రోజులాగి ఇంకోసారి పక్కన కూర్చోవాలి, అడిగితే తప్ప నోరు విప్పకుండా.

అసలు గొడవంతా మాట దగ్గరే. చాట్‌లో "ఓకే" అని వస్తుంది. రాసినవాళ్ల లెక్కలో అది "చూశాను", చదివినవాళ్ల లెక్కలో "సాయంత్రానికి ఇస్తాను". ఆరింటికి ఫైలు రాదు, నింద తరం మీద పడుతుంది. ఒకే ఈడువాళ్ల మధ్యా ఇదే జరుగుతుంది, ఎందుకంటే నియమం ఎక్కడా రాసి లేదు. టీమంతా అరగంట కూర్చుని రాసుకోవచ్చు: గంటలో జవాబు కావాలంటే ఫోన్, ఆ రోజులోపైతే చాట్, నిర్ణయమైతే మెయిల్, అందులో ఎవరు, ఏం, ఎప్పటికి అన్న మూడూ ఉండాలి. "ఓకే" బదులు "చూశాను" అనో "నాలుగింటికి ఇస్తాను" అనో రాయాలి. రాత్రి మెసేజ్‌కు పొద్దున జవాబిస్తే చాలన్నదీ రాసి పెట్టాలి. లేకపోతే కొత్తవాళ్లు భయపడుతూ మేలుకుంటారు, సీనియర్లు నిర్లక్ష్యం అనుకుంటారు. నెలయ్యాక ఏ నియమం పనిచేయలేదో చూసి మార్చుకోవాలి.

ఇక తరానికో పద్ధతి. ఉద్యోగుల నిర్వహణకు తరాల వర్గీకరణ వాడటాన్ని పరిశోధన సమర్థించడం లేదని అమెరికా ప్రభుత్వానికి శాస్త్ర సలహాలిచ్చే నేషనల్ అకాడమీస్ 2020 నివేదికలో తేల్చింది. పుట్టిన ఏడాది చూసి ఊహించే బదులు ఇరవై నాలుగేళ్ల మనిషినీ, యాభై ఎనిమిదేళ్ల మనిషినీ ఒకే ప్రశ్న అడగండి: "మీ పనిలో తప్పు కనిపిస్తే అప్పటికప్పుడు చెప్పమంటారా, విడిగా పిలిచి చెప్పమంటారా?"