పట్టాదారు ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టేనా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించిన స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ఒక్క మెగావాట్ సౌర విద్యుత్తుకే నాలుగైదు ఎకరాలు కావాలి. ఇప్పటిదాకా ఆ భారం ఎక్కువగా రాయలసీమ మెట్ట భూముల మీద పడింది. రేపు గోదావరి డెల్టాకూ వస్తే, భూమి ఇస్తామని చెప్పాల్సింది ఎవరు?

ఇక్కడ పొలం ఒకరిది, సేద్యం మరొకరిది. పట్టాదారు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. సార్వా, దాళ్వా పండించేది కౌలు రైతు. ఎకరాకు ఇన్ని బస్తాలని కొలిచిచ్చాక మిగిలిందే అతనికి. 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం రాసుకునే ఒప్పందం గడువు 11 నెలలు, దానికీ యజమాని సంతకం కావాలి. సోలార్ కంపెనీ లీజు మాత్రం పాతికేళ్లకు తగ్గదు.

2013 భూసేకరణ చట్టం కౌలు రైతుల్నీ, వ్యవసాయ కూలీల్నీ బాధిత కుటుంబాల్లో చేర్చింది. కానీ కంపెనీ నేరుగా యజమాని దగ్గర లీజుకు తీసుకుంటే ఆ రక్షణ వాళ్లకు అందదు. సౌర ప్రాజెక్టులకు 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. అంటే ఆ పొలం మీదే బతికే మనిషి నోరు విప్పడానికి ఎక్కడా చోటు లేదు. అలాంటివాడు రోడ్డెక్కితే అభివృద్ధి నిరోధకుడని ముద్ర వేయడం అన్యాయం.

రొయ్యల చెరువులతో డెల్టా ఇది చూసేసింది. ఎక్కువ లీజు వస్తుందని వరిచేను చెరువైంది, కౌలుదారు తప్పుకున్నాడు, నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడవాళ్లకు పని తగ్గింది, పక్క చేలోకి ఉప్పునీరు ఊరింది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్, 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలుడు కూడా ఈ జనం చూశారు. అవి గ్యాస్ ప్రమాదాలు, సౌర ఫలకాలకు ఆ ముప్పు లేదు. అయినా కంపెనీ మాట నమ్మడానికి వాళ్లు తటపటాయిస్తే తప్పుపట్టలేం.

సౌర విద్యుత్తు రావాల్సిందే. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో కాలువ మీదే ఫలకాలు పరిచారు, సెంటు పొలం పోలేదు. పూడిక, గుర్రపుడెక్క తీయడానికి దారి వదిలితే మిగతా కాలువల మీదా ఆలోచించవచ్చు. ఊళ్లలో డాబాలు ఎలాగూ ఉన్నాయి. వరిచేలే కావాలంటే మాత్రం లీజు రాయకముందే గ్రామసభ పెట్టాలి. కౌలు రైతుల, కూలీల పేర్లు అందులో నమోదు చేసి, లీజు సొమ్ములో వాళ్ల వాటా ఎంతో కాగితం మీద రాయాలి. ఆ షరతు లేని ప్రాజెక్టుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వకూడదు.