మూడు తొవ్వల కాడ గుమ్మడికాయ

హనుమకొండలో ఏ ఖాళీ ప్లాటైనా చూడండి. సర్కారు తుమ్మ ఉంటుంది, వయ్యారిభామ ఉంటుంది, వాటి నడుమ ‘ఈ స్థలం అమ్మబడదు’ అని రాసిన రేకు బోర్డు ఉంటుంది. ఈ మూడింటికీ నీళ్లు పొయ్యాల్సిన పని లేదు. మా కాలనీ మలుపు దగ్గరున్న ప్లాటులో వీటికి తోడు బీరు సీసాలు కూడా ఏడాది పొడుగునా బాగానే కాసేవి.

దాన్ని బాగుచేసి కూరగాయలు పండిద్దాం, పండినవి అందరికీ ఊరికే పంచుదాం అన్నది మా తెలుగు సారు ఆలోచన. బడి నుంచి రిటైరయ్యారు గాని బడి ఇంకా సారు నుంచి రిటైరు కాలేదు. కాలనీ మీటింగులో ఇంగ్లండులోని టాడ్‌మార్డెన్ అనే చిన్న ఊరి ముచ్చట చెప్పారు. 2008లో పామ్ వార్‌హర్స్ట్, మేరీ క్లియర్ అనే ఆడవాళ్లు మరికొందరిని కలుపుకొని, ఊళ్లో ఎక్కడ జానెడు జాగా కనబడితే అక్కడ తినే మొక్కలు పెట్టారట. రైల్వే స్టేషన్లో, దవాఖాన దగ్గర, ఆఖరికి పోలీస్ స్టేషన్ ముందర మక్కజొన్న. ఎవరికి కావాలంటే వాళ్లు తెంపుకొని పోవచ్చట.

“పోలీస్ స్టేషన్ ముందర కంకి తెంపితే ఏమనరా సార్?” అని మా కార్యదర్శి అడిగారు.

“అనరు.”

“మన దగ్గర బండి ఆపితేనే అంటరు గదా!”

సారు ఇంగ్లండును వదిలేసి కాకతీయులను పట్టుకున్నారు. చెరువు తవ్వించడం, వనం పెంచడం సప్త సంతానాల్లో లెక్క అన్నారు. పాకాల, రామప్ప, లక్నవరం తవ్వించిన వాళ్ల గడ్డ మీద పుట్టి ఒక సొరపాదు పెట్టలేమా అని నిలదీశారు.

“సంతానంలో సొరపాదు కూడా వస్తదా సార్?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

“వనంలో వస్తది. కూచో!”

ఆ గొంతుకు అందరం కూచున్నాం. అప్పటికే కూచుని ఉన్నవాళ్లం కూడా ఒకసారి సర్దుకొని మళ్లీ కూచున్నాం. అట్లా తీర్మానం పాసైంది.

ప్లాటు ఓనరు డాలస్‌లో ఉంటాడు. 1951లో పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నిలబడ్డ పళంగా 100 ఎకరాలు ఇచ్చేశారు. మేం అడిగింది 200 గజాలు, అదీ దానం కాదు, పాదులు పెట్టుకోను. అయినా ఆయన రాత్రంతా ఆలోచించుకున్నాడు. ఆయన్ను అనడానికి లేదు. మన దిక్కు ఖాళీ జాగాలో ఎవరైనా మొక్క నాటారంటే ఓనరుకు ముందు యాదికొచ్చేది పచ్చదనం కాదు, కబ్జా. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: ప్రతి ఆదివారం నాలుగు హద్దురాళ్ల ఫొటోలు తీసి తనకు పంపాలి.

మిర్గం కార్తె నాటికి సీసాలు, సిమెంటు పెళ్లలు ఏరి పారేస్తే కింద ఎర్రటి చెలక నేల బయటపడింది. ట్రాక్టరు పెంట తోలించాం. కాలనీలో ఉండే వ్యవసాయ శాఖ రిటైర్డు సారు చెప్పినట్టు బీర, సొర, గుమ్మడి, గోకరకాయ, పుంటికూర, పచ్చిమిర్చి పెట్టాం. వానలు కూడా మాట తప్పలేదు. ఆగస్టులో ఒక సొరతీగ ఈశాన్యం రాయి మీదికెక్కి దాన్ని పూర్తిగా కప్పేసింది. అర్ధరాత్రి కార్యదర్శికి డాలస్ నుంచి ఫోన్.

“అన్నా, ఈశాన్యం రాయి కనబడ్తలేదు.”

“ఉన్నది తమ్మీ, ఆకుల కిందున్నది.”

“ఒక్కసారి చూపియ్యరాదు.”

పాపం కార్యదర్శి లుంగీ మీదనే టార్చి పట్టుకొని పోయి, ఆకులెత్తి, రాయిని వీడియో కాల్లో నాలుగు దిక్కుల నుంచీ చూపించి వచ్చారు. తెల్లారి ఆ రాయి చుట్టూ తీగలన్నీ కోసేసి జాగా నున్నగా చేశారు. తోట మొత్తంలో గడ్డిపోచ కూడా మొలవని చోటు అదొక్కటే.

పండించడం దాకా అంతా సాఫీగానే సాగింది. ఊరికే ఇవ్వడం దగ్గరే చిక్కొచ్చింది.

సారు స్వయంగా బోర్డు రాశారు: ‘ఇది అందరి తోట. కావలసినవి కోసుకోండి. డబ్బులు లేవు.’ ఆ చివరి ముక్క చదివి వినాయకుడి చందాకొచ్చిన పిల్లలు సందు మొగదల నుంచే మర్లిపోయారు. బోర్డు వల్ల జరిగిన మేలు అదొక్కటే. కూరగాయలు మాత్రం ఎవరూ ముట్టలేదు. ఒకామె బీరకాయను వేలితో నొక్కి చూసి “ఎంత?” అంది. ఊరికేనే తీసుకోమ్మా అన్నాం. కాయను అక్కడే వదిలేసి “మా ఇంట్ల ఎవరూ తినరు” అంటూ పోయింది. నొక్కేటప్పుడు తినేవాళ్లున్నారు మరి! ఓట్లు దగ్గరికొచ్చినట్టున్నయని ఒకరు, మోరి నీళ్లతో పండించిండ్రట అని ఒకరు, కొత్త మందు ఏదో మన మీద ట్రయల్ చేస్తుండ్రని ఇంకొకరు. ఏ అనుమానమూ లేకుండా వచ్చి కడుపునిండా తిని పోయినవి కోతులే.

పూలకు మాత్రం ఏ అనుమానమూ అడ్డం రాలేదు. బతుకమ్మకు ముందొచ్చే బొడ్డెమ్మ పండుగ మొదలైన దగ్గర్నుంచి పొద్దు పొడవకముందే గుమ్మడి పూలు మాయం. వ్యవసాయం సారు తోట దగ్గర నిలబడి, సన్నకాడ ఉన్నది మగపువ్వు, తెంపుకోండి, కింద పిందె ఉన్నది ఆడపువ్వు, దాన్ని ముట్టకండి అని చెప్పబోయారు. గుమ్మడి పువ్వు బొడ్డునే గౌరమ్మ అని పెట్టుకునే ఆడపిల్లల ముందు ఆ పాఠం నడుస్తుందా? “గౌరమ్మకు వద్దంటవా తాతా?” అని ఒక పిల్ల అడిగేసరికి సారే ఒక పువ్వు తెంపి చేతికిచ్చి ఇంటికొచ్చేశారు.

అప్పటికే నిలిచిన కాయలు మాత్రం పండి ఎర్రగా మెరుస్తున్నాయి. పెత్తరమాస దగ్గరికొచ్చింది. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు, ఇంటింటికీ కూరగాయలు కావాలి. గుమ్మడికాయ దానం ఇస్తే ఇంకా మంచిదంటారు. మార్కెట్లో ధర చెట్టెక్కి కూచుంటుంది. జనం తోట దాకా రావడానికి మొహమాటపడుతున్నారు, మనమే వాళ్ల తొవ్వలో పెడితే తీసుకుంటారు కదా అని కార్యదర్శికి తోచింది.

వినడానికి బాగానే ఉంది. ఇక జరిగింది వినండి. అమావాస్య పొద్దున్నే కార్యదర్శి పెద్ద వెదురు బుట్టలో గుమ్మడికాయలు పేర్చారు. సందులుంటాయని పచ్చిమిర్చి పోశారు. తన పెరట్లో చెట్టుకు కాసిన నిమ్మకాయలు కొన్ని పైన వేశారు. తొలి కాపు కదా అని ఆయన ఇంటామె పై కాయకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. అందరి కంటా పడాలని ఆ బుట్టను తీసుకుపోయి మా మూడు తొవ్వలు కలిసే కాడ పెట్టారు. అమావాస్య, మూడు తొవ్వలు, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, మిరపకాయలు, గుమ్మడికాయ. ఆ సరంజామాలో లేనిది నల్లకోడి ఒక్కటే.

‘ఉచితం’ అని రాసిన అట్టముక్క గాలికి ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు.

మొదట పాలాయన వచ్చాడు. దూరం నుంచే చూసి బ్రేకు కొట్టి, కాళ్లు నేలకానించి బండిని అట్లనే వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. ఆ పూట సగం కాలనీకి పాలు లేవు. తరవాత ఒక ఆటో వచ్చింది, సవారిని అక్కడే దించేసి పోయింది. ఆ సవారి ఎడమ దిక్కు పోవాల్సినాయన, కుడి దిక్కు పోయాడు. కాసేపటికి మలుపుకు అటు నలుగురు, ఇటు నలుగురు జమై, నడుమ బుట్ట. “ఎవరి మీద చేసిండ్రో” అని ఒకరంటే “ఎవరి ఇంటి మొఖాన ఉన్నదో చూడుండ్రి” అని ఇంకొకరు. మూడు తొవ్వల కాడ పెట్టిన గుండ్రటి బుట్టకు మొఖం ఎటుంటుంది? అయినా మూలమీది ఇంటాయన అప్పటికే గేటుకు గొళ్లెం పెట్టి, మెట్ల మీద ఉప్పు చల్లడం నేను కళ్లారా చూశాను.

ఎవరో మేడ మీది నుంచి ఫొటో తీశారు. అది పక్క కాలనీ గ్రూపుకు, అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు, పోయి పోయి మా కార్యదర్శి ఫోనుకే చేరింది. పైనుంచి తీసిన మసక ఫొటో, కింద ‘మూడు తొవ్వల కాడ ఏదో పెట్టిండ్రు, పిల్లలను అటు పంపకుండ్రి’ అన్న మాట. తను పెట్టిన బుట్టను తనే గుర్తుపట్టక, ‘అందరూ జాగ్రత్త’ అని ఒక ముక్క కలిపి, దాన్ని మా గ్రూపులో కూడా వేశారు.

తెలుగు సారు మాత్రం గుర్తుపట్టారు. గబగబా వచ్చి, మూఢనమ్మకాల మీద ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి, “ఇగో, నేను ముట్టుకుంటున్నా” అని ఒక గుమ్మడికాయ ఎత్తారు. “సార్, వద్దు సార్!” అని రెండు దిక్కుల నుంచీ కేకలు. సారు కాయను చంకన పెట్టుకొని నాలుగడుగులు వేస్తే జనం ఎనిమిదడుగులు వెనక్కి జరిగారు. ఇంటికి పోతే అమ్మగారు వాకిట్లోనే ఆపి, బిందెడు నీళ్లు కాళ్ల మీద గుమ్మరించి, కాయను బయటనే పెట్టించి లోపలికి రానిచ్చారట. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చెప్పిన పాఠం ఇంట్లో ఒక్కరికీ అంటలేదని సారు తరవాత వాపోయారు.

ఎండ ఎక్కే వేళకు కుమార్‌పల్లి మార్కెట్ దిక్కు నుంచి కూరగాయల అవ్వ తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చింది. బుట్ట ముందు ఆగి అటూ ఇటూ చూసింది.

“ఎవరియి బిడ్డా ఇవి?”

“ఎవరియీ కావు, ముట్టకే అవ్వా, దిష్టి తీసినయి!” అని గోడ వెనక నుంచి ఎవరో అరిచారు.

అవ్వ ఒక కాయను వేలితో టకటక కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని విన్నది. “దిష్టికి కొట్టేది బూడిద గుమ్మడి. ఇది కూర గుమ్మడి. కొట్టినదైతే పలిగి ఉండాలె, ఇది నిండు కాయ. గింత సదువుకున్నరు, గిది తెల్వదా?” అని, బుట్టను బుట్టగానే ఎత్తి బండి మీద పెట్టుకొని సాగిపోయింది. కార్యదర్శి కిటికీ నుంచి చూస్తూ కూడా ఏమీ అనలేదు. బుట్ట నాదే అని చెప్తే కాలనీలో బతుకుదెరువేముంటుంది?

గంట గడిచిందో లేదో వెనక సందులో అవ్వ గొంతు ఖంగుమంది. “మందు కొట్టని గుమ్మడికాయలమ్మా! పెత్తరమాస కాయలు! ఇప్పుడే తోట నుంచి తెంపినయి!” ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కాయ యాభై రూపాయలు. పొద్దున గోడల వెనక దాక్కున్నవాళ్లే బండి చుట్టూ మూగి నలభైకి అడిగారు. అవ్వ తగ్గలేదు. మెట్ల మీద ఉప్పు చల్లినాయన రెండు కొన్నాడు.

మా ఇంటామె కూడా ఒకటి పట్టుకొచ్చింది.

“ఇది మన తోటదే” అన్నాను.

“మన తోటవి ఇంత బాగుంటయా?” అని, కాయను నా ముందు పెట్టి కత్తి తెచ్చింది. గుమ్మడికాయను మొదటి పెట్టు మగవాళ్లే వెయ్యాలనే పట్టింపు మా ఇంట్లో ఉంది. కత్తి పెట్టబోతుంటే మళ్లీ తనే ఆపి, నిండు కాయ కదా, కొయ్యకు, అయ్యగారికి బియ్యంతో పాటు ఇద్దాం అంది. ఆ బుద్ధి మా ఒక్క ఇంటికే పుట్టలేదని సాయంత్రం గాని తెలియలేదు.

ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మలు ఎత్తుకొని వేయి స్తంభాల గుడికి బయల్దేరుతున్న వేళ, అయ్యగారు స్కూటరు మీద వచ్చారు. ముందు సంచిలో గుమ్మడికాయలు, వెనక సీటుకు కట్టిన గోనెలో గుమ్మడికాయలు. హ్యాండిల్ తిప్పడానికి కూడా సందు లేదు.

“ఏం నాయనా, మీ కాలనీలో ఊరికే కూరగాయలు పెట్టే బుట్ట ఒకటి ఉన్నదటగా, ఎక్కడ?”

“అయిపోయినయి అయ్యగారూ. పొద్దున్నే ఖాళీ.”

“తీసుకోవడానికి కాదు. పెట్టడానికి.” అయ్యగారు చెమట తుడుచుకున్నారు. “మేం ఇంట్లో ఇద్దరమే. పొద్దటి నుంచి ఏ గడప తొక్కినా గుమ్మడికాయే. తొవ్వలో పదిమందికి ఇవ్వజూశాను. ఊరికే అంటే ఒక్కరు ముట్టరే!”

బుట్ట అవ్వతోనే పోయింది కాబట్టి తోట చూపించాం. తీగల నడుమ స్కూటరు ఆపడానికి జాగా లేదు. చదునుగా ఉన్నది ఈశాన్యం రాయి దగ్గరే. అయ్యగారు గుమ్మడికాయలను ఒక్కొక్కటే దించి, ఆ రాయి చుట్టూ వరుసగా పేర్చి, పసుపు కుంకుమ చెదరని కాయను రాయి మీద నిలబెట్టి, చేతులు దులుపుకొని వెళ్లిపోయారు. ఆ రోజు ఆదివారం. చీకటి పడకముందే పని ముగించుకుందామని కార్యదర్శి వచ్చి నాలుగు రాళ్లనూ ఫొటో తీసి పంపేశారు.

డాలస్‌లో అప్పుడే తెల్లవారుతోంది. ఒక్క నిమిషం కూడా ఆగలేదు ఆయన.

“అన్నా, నిజం చెప్పు. మా ప్లాటు మీద ఎవరు చేయించిండ్రు?”